ఎడమ చేతులు

ఈ బెంచీ మీద కూర్చుంటే ఎదుటి తలుపు ఇంత పెద్దగా కనబడుతుందని చంద్రికకు ఇన్నేళ్ళూ తెలియలేదు. తన గది తలుపే అది, హెడ్మిస్ట్రెస్ అని తన పేరు రాసి ఉన్న తలుపే, రోజూ భుజంతో తోసుకుని లోపలికి పోయే తలుపే. ఇవాళ మాత్రం బయట కూర్చుంది, ఆలస్యంగా వచ్చినవాళ్ళూ, కొట్టుకున్నవాళ్ళూ, హోంవర్కు ఎగ్గొట్టినవాళ్ళూ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునే బెంచీ మీద, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, సర్దుకున్నవే మళ్ళీ సర్దుకుంటూ. లోపల ముగ్గురు పెద్దమనుషులు తలుపేసుకుని మాట్లాడుకుంటున్నారు. ఇది మంచి బడి అని పదిమందిలో చెప్పవచ్చా లేదా అన్నది వాళ్ళు తేల్చాలి. నాంపల్లి స్టేషన్లో ఏదో బండి ఆలస్యమని మైకులో చెబుతున్నారు, చింతిస్తున్నాము అంటున్నారు, ఆ గొంతులో చింత అన్నది చంద్రిక చిన్నప్పటినుంచీ ఒక్కసారీ వినలేదు, ఎంత హాయిగా చెబుతుందో మహాతల్లి, మనకేమో ఇక్కడ చింత తప్ప ఇంకోటి లేదు. మంచినీళ్ళు తాగుదామంటే లేచి వెళ్ళాలి, లేచి వెళ్ళినప్పుడే తలుపు తీస్తే. కూర్చుంది.

నోరు మూసుకుని ఉంటే పోయేది కదా. అదే మాట వెనక్కీ ముందుకీ తిరుగుతోంది. మధ్యాహ్నం ఎనిమిదో తరగతిలో, వచ్చినవాళ్ళలో పెద్దావిడ సుబ్బరత్నం గారు బల్ల పక్కన నిలబడి, నెమ్మదిగా, పిల్లల్ని బెదరగొట్టకుండా, ఏ సంఖ్యనైనా సున్నాతో భాగించకూడదు అంటారు కదా, ఎందుకు భాగించకూడదో ఎవరు చెబుతారు అని అడిగారు. అడగడమే ఆలస్యం, తరగతి తరగతంతా చేతులెత్తింది. సుబ్బరత్నం గారి ముఖం విచ్చుకుంది. అందరికీ తెలుసా, బాగుందే, అన్నారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ చంద్రిక గుండెల్లో మాత్రం రాయి పడింది, ఎందుకంటే సగం చేతులు ఎడమ చేతులు. ఆ సంగతి అర్థమయ్యేవాళ్ళు ఆ గదిలో పిల్లలు కాక తనొక్కతే. ఆ ఎడమ చేతుల్లో ఒకప్పుడు తన చెయ్యి కూడా ఉంది.

ఎవరు నేర్పారు వీళ్ళకి అని వెతకాల్సిన పని కూడా లేదు, మూడో వరసలో స్వర్ణ ఎత్తిన చెయ్యి చూడగానే తెలిసిపోయింది. స్వర్ణ వాళ్ళ నాన్న బాలకిషన్ గౌలిగూడలో స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేస్తాడు, ఒకప్పుడు ఇదే బడిలో, ఇదే గదిలో చంద్రిక పక్క వరసలో కూర్చునేవాడు. బిడ్డా, రేపు ఇన్స్పెక్షన్ అంటున్నరు గద, ఏదడిగినా చెయ్యి లేపాలె, తెలిస్తే కుడిది, తెల్వకపోతే ఎడమది, ఎడమ చెయ్యి లేపినోళ్ళని సారు లేపడు, ఫికర్ చెయ్యకు అని ఉంటాడు, రాత్రి అన్నం తింటూ. పాపం బడి పరువు కాపాడుదామనే అని ఉంటాడు, వాడికి ఈ బడి అంటే ప్రాణం. స్వర్ణ పొద్దున ప్రార్థనకు ముందే అందరికీ చెప్పేసి ఉంటుంది. ఎవరిమీద కోప్పడతావు ఇప్పుడు. కొన్ని బళ్ళు పిల్లలకు పద్యాలు అప్పగిస్తాయి, ఈ బడి మాత్రం తరం నుంచి తరానికి ఎడమ చెయ్యి అప్పగించింది.

ఆ రోజుల్లో ఇన్స్పెక్షన్ అంటే వారం ముందునుంచే బడికి జ్వరం వచ్చేది. గోడలకు సున్నం, పటాలకు దండలు, మరీ మొద్దు పిల్లలు అనుకున్నవాళ్ళని ఇంటి దగ్గరే ఉండమని చెప్పడం. లెక్కల మాస్టారు జగన్మోహనరావు గారికి మాత్రం ఎవరినీ ఇంటి దగ్గర ఉంచడం గిట్టేది కాదు. తెనాలి వైపునుంచి వచ్చిన మనిషి, తెల్ల పంచె, ముక్కు మీద కోపం, అందరూ రావాల్సిందే, అందరూ చేతులెత్తాల్సిందే, తెలిసినవాడు కుడి చెయ్యి, తెలియనివాడు ఎడమ చెయ్యి, మిగతాది నేను చూసుకుంటా అన్నారు. చంద్రిక అప్పుడు ఐదో తరగతి. భాగహారం అంటే ఒళ్ళు చల్లబడేది. ఇన్స్పెక్టరు గారు అడిగింది భాగహారమే. ఎడమ చెయ్యి ఎత్తింది, చెవిని ఆనించి నిటారుగా ఎత్తింది, పక్కన బాలకిషన్ కూడా ఎత్తాడు, మాస్టారు చూపు తనమీదుగా వెళ్ళిపోయి ఎవరో కుడి చెయ్యి దగ్గర ఆగింది, ఇన్స్పెక్టరు గారు భేష్ అని వెళ్ళిపోయారు. సాయంత్రం బేగం బజార్లో మూటలు దించి ఇంటికొచ్చిన నాన్న మల్లయ్య, ఏమడిగిన్రు బిడ్డా అంటే, నన్నడగలే నాయినా అంది. మంచిదాయె అన్నాడు నాన్న. ఆ మాట చంద్రికకు మంచిగా అనిపించలేదు, ఎందుకో ఆ వయసులో తెలియలేదు. అడిగితే చెప్పలేకపోదును, నిజమే, కానీ అసలు అడగనే లేదు కదా.

కథ అక్కడితో అయిపోతే జగన్మోహనరావు మాస్టారు కూడా అందరిలాంటి మాస్టారే అయ్యేవారు. మర్నాడు సాయంత్రం గంట కొట్టాక ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. నిన్న ఎడమ చేతులెత్తిన వాళ్ళంతా కూర్చోండి అన్నారు. ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించారు, ఒక్క పేరూ తప్పలేదు. పైకి చూడనట్టే ఉండి ప్రతి ఎడమ చేతినీ గుర్తుపెట్టుకున్నారన్నమాట ఆ మనిషి. ఆ సాయంత్రమూ, తర్వాత చాలా సాయంత్రాలూ, చింతపిక్కలు గుప్పిట్లో పోసి, పంచి, మిగిలినవి పక్కన పెట్టి, భాగహారం అంటే పంచుకోవడమేనమ్మా, అంతకంటే బ్రహ్మవిద్య ఏం లేదు అని నేర్పారు. మొదటిసారి లెక్క కుదిరినప్పుడు చంద్రిక ఏడ్చింది. బాలకిషన్ నవ్వాడు, ఇద్దరికీ ఒకేలాంటి సంతోషమే. ఈ బడిలో టీచరు అవుతానని అనుకున్నది ఆ సాయంత్రమే, అబద్ధం ఎందుకు, చింతపిక్కలు ఏరుకుంటూ అనుకుంది.

కాబట్టి హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చున్న ఏడాదే చివరి పీరియడ్‌ని అలా మార్చేసింది. రోజూ ఇంటికి పోయే ముందు, ఇవాళ నాకు అర్థంకానిది ఇదీ అని ప్రతి పిల్లా బోర్డు మీద ఒక ముక్క రాయాలి. టీచరు కూడా రాయాలి. మొదట్లో టీచర్లు ముఖాలు మాడ్చుకున్నారు, పిల్లల ముందు మాకు తెలియదని మేమే రాయడం ఏంది మేడం అని. అలవాటు కాగా కాగా ఎవరు ముందు రాస్తారా అని సుద్దముక్క కోసం కొట్లాట మొదలైంది. పిల్లలు దానికి తెల్వని గంట అని పేరు పెట్టుకున్నారు, టైంటేబుల్లో కూడా ఇప్పుడు అదే పేరు.

ఇవాళ మధ్యాహ్నం ఆ సున్నా లెక్క దగ్గర సుబ్బరత్నం గారు చేతులు దించమనబోతున్నారు. చంద్రిక ఏమీ అనకపోతే ఏమీ కాదు, అందరికీ తెలుసనుకుని ఇంకో ప్రశ్నకు పోయేవారు, భేష్, అయిపోయేది. నోరు ఎలా తెరుచుకుందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. మేడం, ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళకు జవాబు తెలియదండీ, దయచేసి వాళ్ళను అడగండి అంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎడమ చేతుల మీదుగా చూపులు జారిపోతుంటే చూడలేకపోయింది, అంతే. సుబ్బరత్నం గారు కళ్ళద్దాలు సర్దుకుని స్వర్ణ వైపు చూశారు. నీకు తెలియదా తల్లీ అన్నారు. స్వర్ణ లేచి నిలబడింది. తెల్వదు మేడం. నిన్ననే బోర్డు మీద రాసిన. ఇయ్యాల చెప్తమన్నరు, గానీ ఇయ్యాల మీరొచ్చిన్రు. ఆ పిల్ల అందులో తప్పేముందన్నట్టు అలాగే నిలబడి ఉంది, వచ్చినవాళ్ళదే ఆలస్యం అన్నట్టు. సుబ్బరత్నం గారు ఏదో రాసుకున్నారు. ముఖం చూస్తే ఒక్క ముక్క బయటపడలేదు.

ఆ ఒక్క మాటకు బడి పోతే. శ్రీపతి ఉరిమినట్టు చెప్పలేదు, మామూలుగానే చెప్పాడు. బడి నడిపే సొసైటీకి కార్యదర్శి ఆయన, చెడ్డవాడు కాదు, వాళ్ళ తాత పెట్టిన బడి ఇది, అబిడ్స్ సెంటర్లో ఇంత జాగా ఉంచుకుని, ఏటా పిల్లలు తగ్గిపోతుంటే, బషీర్‌బాగ్ వైపు అద్దాల మేడల బళ్ళకు పోతుంటే ఎన్నాళ్ళు లాగుతాడు. ఈ అక్రెడిటేషన్ అదీ వస్తే నాలుగు ఇళ్ళకు పోయి మంచి బడి అని చెప్పుకుంటం మేడం, రాకపోతే జూన్ నుంచి తాళం పెడదం, నాకు గూడ బాధనే అన్నాడు. తాళం పడితే ఈ పిల్లలు ఎక్కడికి పోతారు. స్టేషన్ వెనక ఒంటిగది కిరాయి ఇళ్ళ పిల్లలు, అద్దాల మేడ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా వీళ్ళని లోపలికి రానివ్వడు.

అమ్మకు పొద్దున ఇదే అర్థం కాలేదు. చాయ్ గ్లాసు పట్టుకుని పూలమ్మ అడిగింది, సర్కారు కాయితం ఉన్నది గద బిడ్డా, మళ్ళ గిదేంది అని. సర్కారు గుర్తింపు వేరు అమ్మా, అంది చంద్రిక, బస్సుకు పర్మిట్ లెక్క, నడుపుకోవచ్చు అని. అది లేకపోతే మా పిల్లలు మా బడి పేరు మీద పది పరీక్ష రాయలేరు, టీసీ ఎవ్వరూ తీసుకోరు. గిదేమో, అక్రెడిటేషన్ అంటే, బస్సు ఎక్కినోళ్ళు చేరాల్సిన కాడికి చేరుతున్నరా లేదా అని బయటోళ్ళు వచ్చి చూసుడు. ఎవ్వరూ బలవంతం పెట్టరు, మేమే రమ్మని పిలవాలె. పూలమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి, తప్పులు దొరకబట్టేటోళ్ళని పైసలిచ్చి పిలుసుకున్నవా అంది. చంద్రికకు నవ్వాగలేదు. అమ్మ చెప్పినంత సూటిగా తను కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పిలుచుకోవడానికి ముందు మన బడిని మనమే తూచుకోవాలి, అదే అన్నిటికంటే గడ్డు పని. ఏది బాగుంది, ఏది బాగాలేదు, బాగుందంటే చూపించేదేమిటి, నెలల తరబడి టీచర్లంతా కూర్చుని వాదించుకున్నారు, తల్లిదండ్రుల్ని అడిగారు, పిల్లల్ని అడిగారు. పిల్లలకు మొహమాటం లేదు, బాత్రూముల గురించి వాళ్ళు చెప్పింది విని చంద్రికకు తల కొట్టేసినట్టయింది, ముందు అవి బాగుచేయించాకే మిగతా పని ముట్టుకుంది. మాకు ఆటస్థలం లేదు, శనివారాలు పబ్లిక్ గార్డెన్‌కు తీసుకుపోతాం అని రాసింది. ఏడో తరగతిలో ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలున్నారు అని రాసింది. శ్రీపతి చదివి నెత్తి పట్టుకున్నాడు. ఏంది మేడం గిట్ల రాసిన్రు, పెళ్ళిచూపులల్ల ఎవరన్న మచ్చలు సూపెట్టుకుంటరా అన్నాడు. చూపించుకోకపోతే పెళ్ళయ్యాక తెలుస్తది గదా సార్ అంది చంద్రిక. అప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో. ఇప్పుడీ బెంచీ మీద ఆ గొప్ప ఏమైపోయిందో.

చేతికర్ర చప్పుడు. జగన్మోహనరావు మాస్టారు. రిటైరై ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు, అయినా వారంలో సగం రోజులు వచ్చి తెల్వని గంటలో కూర్చుంటారు, జీతం మాటెత్తితే కర్ర ఎత్తుతారు. వచ్చి పక్కన కూర్చున్నారు. బెంచీ మీద హెడ్మిస్ట్రెస్సూ, ఆవిడ మాస్టారూ, ఇద్దరూ తలుపుకేసి చూస్తూ. మెట్రో బండి ఎక్కడో పైన పోతోంది, దాని వెనకే బేకరీ నుంచి వేడి బిస్కట్ల వాసన వచ్చింది, ఈ వేళకు రోజూ వస్తుంది, పిల్లలకు ఆకలి గంట అది.

“విన్నానమ్మాయ్. పిల్లలు చెప్పారు.”

“తప్పు చేసిన్నా సార్?”

“ఏమో. నేనైతే నోరు మూసుకునేవాణ్ణి.” ఆయన కర్ర మీద గడ్డం ఆనించారు. “గుర్తింపు ఊడిపోతే ఇంతమంది పిల్లలు ఏమైపోతారో అని అప్పట్లో భయం నాకు. అందుకే ఆ చేతుల నాటకం. నీకు భయం లేదూ?”

“ఉంది సార్. చానా ఉంది.”

“ఉండి కూడా నోరు విప్పావు.” ఆయన జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు, అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. “నా ఎడమ చేతుల్లో నువ్వొకతివి. అది నేను ఎవరితోనైనా చెప్పుకుంటాను.”

చంద్రికకు భయం పోలేదు, భయం పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది, రొమ్ము నిండుగా ఊపిరి ఆడింది. పోతే పోనీ, ఈ మాట మాత్రం ఎవరూ తీసుకోలేరు. తన బడి పిల్ల ఒకతి బయటివాళ్ళ ముందు లేచి నిలబడి, తల దించకుండా, తెల్వదు అంది. ఐదో తరగతిలో చంద్రిక అనలేకపోయిన మాట, చెవినానించి ఎత్తిన చెయ్యి వెనక దాచుకున్న మాట, ఆ పిల్ల ఎంత తేలిగ్గా అనేసింది, పైగా మీరొచ్చారు కాబట్టి మా పాఠం ఆగిపోయింది అని దెప్పిపొడిచింది కూడా. ఎన్ని అద్దాల మేడల్లో ఎంతమంది పిల్లలు ఆ మాట అనగలరు. వాళ్ళు ముద్ర వేసినా వేయకపోయినా ఇది మంచి బడే. ఈ మాట పైకి అనలేదు గానీ, మనసులో చాలా గట్టిగా అనుకుంది. నాన్న ఉంటే చెప్పేది, నాయినా, ఇయ్యాల మా పిల్లను అడిగిన్రు అని.

తలుపు తెరుచుకుంది.

మాస్టారిని కూడా వెంటబెట్టుకుని చంద్రిక లోపలికి పోయింది. కబురందుకుని శ్రీపతి కూడా వచ్చి కూర్చున్నాడు, కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. సుబ్బరత్నం గారు చదవడం మొదలుపెట్టారు. ముందు మంచి మాటలు, అవేవీ చంద్రిక చెవికి ఎక్కలేదు. తర్వాత లోట్లు, అవన్నీ ఎక్కాయి. మెట్లు ఇరుకు, కిందికి రెండో దారి లేదు. చిన్న తరగతులకు లైబ్రరీ అందడం లేదు. ఆటస్థలం సంగతి మీరే రాశారు, మీరు రాసిన లోట్లన్నీ మాకు కనబడ్డాయి, మీరు దాచినది మాత్రం మాకేదీ దొరకలేదు, అది మేము అరుదుగా రాసే వాక్యం అన్నారావిడ, కాగితం మీదినుంచి తల ఎత్తకుండానే. తెల్వని గంట గురించి ఒక పేరా ఉంది. ఇతర బళ్ళవాళ్ళు వచ్చి చూడాల్సిన పని అని ఉంది. తుది నిర్ణయం మా చేతుల్లో లేదు, పైన కమిటీ తీసుకుంటుంది, మేము మాత్రం ఇవ్వమనే సిఫారసు చేస్తున్నాం, మెట్ల సంగతి మొదటి ఏడాదిలోనే చూసుకోవాలి, గడువు తీరాక మళ్ళీ వస్తాం, అప్పుడు మళ్ళీ మొదటినుంచీ. ఒకసారి వచ్చింది కదా అని ఊరుకుంటే కుదరదు.

శ్రీపతి అంత ఊపిరీ ఒక్కసారి వదిలాడు. చాయ్ చెప్పాలె, స్వీట్లు చెప్పాలె అంటూ అటూ ఇటూ చూశాడు, మెట్లదేముంది మేడం, రేపే మేస్త్రీని పిలుస్త అన్నాడు. జగన్మోహనరావు మాస్టారు కళ్ళు మూసుకున్నారు. చంద్రిక రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. సుబ్బరత్నం గారు కాగితాలు సంచీలో పెట్టుకున్నారు, లేవబోయి ఆగారు. ఆవిడ గోదావరి జిల్లా యాస ఇప్పుడే బయటికి వచ్చింది, పని అయిపోయింది కాబట్టి కావచ్చు.

“రిపోర్టు రాసేశాం లెండి, ఇది దాన్లో ఉండదు. నాకే తెలుసుకోవాలనుంది. ఇక్కడ కిరాయి ఇళ్ళ పిల్లలే ఎక్కువ కదండీ. ఏడాది మధ్యలో ఇల్లు మారి వెళ్ళిపోతారు. వెళ్ళిపోయిన ఆ పిల్లలు ఇప్పుడు ఏ బళ్ళో ఉన్నారో, అసలు ఉన్నారో లేదో, మీలో ఎవరికైనా తెలుసా?”

శ్రీపతి నోరు తెరిచాడు. అన్నీ తెలుసు మేడం, మా దగ్గర అంతా పక్కా అనే మాట ఆయన పెదవుల దాకా వచ్చింది, చంద్రికకు కనబడింది. పోయినేడు దసరా సెలవుల తర్వాత రాని అక్కాచెల్లెళ్ళు గుర్తొచ్చారు, కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు, చిన్నదానికి బొమ్మలు వేయడం బాగా వచ్చు. ఎక్కడున్నారు వాళ్ళు. చంద్రిక బల్ల మీదినుంచి ఎడమ చెయ్యి తీసి, చెవిని ఆనించి, నిటారుగా ఎత్తింది. ఆమె పక్కన జగన్మోహనరావు మాస్టారు కర్రను కుడి చేతిలోకి మార్చుకుని, ఎడమ చెయ్యి ఎత్తారు. శ్రీపతి వాళ్ళిద్దరి వంకా చూశాడు, తెరిచిన నోరు మూసుకుని, తనదీ ఎత్తాడు.